నాలుగు వేళ్ల ఖాళీ

ముందుగా నా గొప్ప నేనే చెప్పుకుంటాను. నేను చెప్పుకోకపోతే మా బ్లాకులో చెప్పేవాళ్లెవరూ లేరు.

ప్రాక్సీ యంత్రం డిస్కు నిండిపోయిందని అందరికంటే ముందు కనిపెట్టింది ఈ పాందేలె. నా చదువు ఊరిబడితో సరి. పెద్ద చదువుల వాళ్లంతా కింద తమ ఇళ్లలో తెల్లబోయిన తెరల ముందు కూర్చుని గోడల్ని తిడుతుంటే, నేను పైన బట్టలారేసే గదిలో నిలబడి, యంత్రం రొద ఒక్కసారి విని, కడుపు నిండి ఆయాసపడుతోందని తేల్చేశాను. డాన్యూబు మీద బార్జీ నడిపినవాణ్ణి నేను. ఒకసారి సులీనా దగ్గర ఇంజనులో వాలుగ చేప దూరితే, అది దగ్గిన తీరు చూసి ఆడదో మగదో కూడా చెప్పాను. నాకు ఈ డబ్బా ఒక లెక్కా?

కిందటి వారం భాగం చివర స్మరాండాని ఆ గది గుమ్మంలో నిలబెట్టి వెళ్లిపోయాను. పాపం, వారం రోజులుగా అక్కడే నిలబడి ఉంది. మెడలో దారానికి గది తాళంచెవి. శనివారం పొద్దున. పదకొండింటికి కింద ముందు నడవాలో నివాసుల సంఘం సమావేశం. ఆలోగా యంత్రం లేవకపోతే ఆ తాళంచెవి ఆమె మెడ నుంచి దిగి, సంఘాధ్యక్షుడు ఇంజనీరు టిబేరియు జేబులోకి వెళుతుంది.

కొత్తగా చదవడం మొదలుపెట్టినవాళ్లు కంగారుపడకండి. మా బ్లాకులో ఉన్నన్ని ఇళ్లకీ కలిపి బయటి ప్రపంచానికి ఉన్నది సన్నటి లైను ఒక్కటే. ఒకరు ఒక పేజీ తెప్పించుకుంటే దాని నకలు యంత్రం తన డిస్కులో దాచుకుంటుంది. రెండోవాడు అదే అడిగితే బయటికి పరిగెత్తకుండా ఇంట్లోంచే తీసి ఇస్తుంది. ఆ దాచుకునే ఏర్పాటు లేకపోతే ఈ బ్రయిలా ఊళ్లో మా బ్లాకు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. దాన్ని ఒక్కో ముక్కా ఏరుకొచ్చి నిలబెట్టింది స్మరాండా. ఓడల భాగాలకి నమూనాలు గీసి ఆ లైను మీదే కాన్‌స్టాంట్సాలోని కంపెనీకి పంపి బతుకుతోంది. తాళంచెవి చేతికొచ్చిన రోజున మొట్టమొదట కత్తిరించేది ఆమె తీగేనని టిబేరియు బేకరీ ముందు వరసలో నిలబడి ఊరందరికీ చెప్పాడు.

ఇక లోపలికి పదండి.

నవంబరు కాబట్టి ఆ గదిలో యంత్రం ఒక్కటే లేదు. మూడో అంతస్తు లెనుత్స తన క్యాబేజీ పీపాల్ని కూడా చలవ కోసం అక్కడే పెట్టింది. ఉప్పునీళ్లలో క్యాబేజీ పులుస్తోంది, సోయికూర వాసన గుప్పుమంటోంది. లెనుత్స ఒక పీపా మూత మీద కూర్చుని, సరిహద్దు కాపలా సిపాయిలా వచ్చేపోయేవాళ్లని చూస్తోంది. స్మరాండా బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇంకా తెర వెలిగించనేలేదు, టిబేరియు వచ్చేశాడు.

ఒకప్పుడు కృత్రిమ నూలు ఫ్యాక్టరీలో ప్రణాళికా విభాగం ఇంజనీరు ఆయన. ఫ్యాక్టరీ మూతపడి చాలా కాలమైంది గానీ ఆయన మెడలో టై ఇంకా డ్యూటీలోనే ఉంది. చేతిలో తీగలు కత్తిరించే కటింగ్ ప్లయర్. వెనకాల తల వంచుకుని ఒకడు. ఎవరనుకున్నారు? స్మరాండా మొగుడు ఔరెల్.

“నువ్వెందుకొచ్చావు?” అంది స్మరాండా.

“ఇంజనీరు గారు రమ్మన్నారు.”

“నిన్న భోజనానికి నేను రమ్మంటే రాలేదు. ఆయన రమ్మంటే పదో అంతస్తు దాకా ఎక్కొచ్చావా?”

ఔరెల్ గుమ్మం దాటలేదు. రేవులో క్రేన్లకి కరెంటు పని చేసేవాడు, వేసవి నుంచి ఖాళీ. ఖాళీగా ఉన్న మగాడి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉంటాయి. వాడివీ అలాగే ఉన్నాయి.

“మీ కాపురం ముచ్చట్లు ఇంట్లో చూసుకోండి,” అన్నాడు టిబేరియు. “బ్లాకంతా అల్లాడిపోతోంది. ఈ డిస్కు సంఘం కొన్నది. అది నిండిపోయిందట. ఎలా నిండుతుందమ్మాయ్? ఏం దాచావు అందులో? నీ సినిమాలా, నీ ఓడలా?”

“నా ఓడలు నా ఇంట్లోనే ఉన్నాయి, ఇంజనీరు గారూ. ఇది బ్లాకు సరుకు.”

“దాచుకుంటే దాచుకుందిలే, నా పీపాల జోలికి మాత్రం రాకండి,” అంది లెనుత్స.

“అదొకటి! యంత్రం పక్కన ఈ కంపేమిటి? ఎవరిచ్చారు అనుమతి?”

“కంపా? ఈ ఆకుల్లోనే మాంసం చుట్టి సర్మాలె వండినప్పుడు గిన్నె పట్టుకుని నా గుమ్మంలో నిలబడతావే, అప్పుడు ఏ ముక్కు తగిలించుకుని వస్తావు?”

టిబేరియు ఆవిణ్ణి వదిలి నా మీద పడ్డాడు. “ఏమయ్యా పాందేలె, యంత్రం ఆగిందని మొదట కేకలేసింది నువ్వట కదా. తెల్లారేసరికి నీకు ఇక్కడేం పని?”

లెనుత్స తల నెమ్మదిగా నా వైపు తిరిగింది.

సరే, ఎలాగూ బయటపడేదే. యంత్రం రొద విన్నానని, రోగం తేల్చానని పైన రాశాను కదా, ఆ పేరా కొట్టేసుకోండి. నేను పైకి వెళ్లింది పీపాలో చెయ్యి పెట్టడానికి. మోచేతి దాకా ఉప్పునీళ్లలో ఉండగా యంత్రం మీద ఎర్రదీపం మిణుక్కుమంది. క్యాబేజీ దొంగల్ని పట్టుకోవడానికి లెనుత్స కొత్తగా దీపం పెట్టించిందనుకుని, అరుస్తూ కిందికి పరిగెత్తాను. ఆ అరుపుకే జనం లేచారు. చేపకథ సంగతి అంటారా, అది మాత్రం ముమ్మాటికీ నిజం.

“దొంగ సచ్చినోడా!” అంది లెనుత్స. “పోయిన వారం రెండు తలకాయలు తగ్గాయి. ఎలకలనుకున్నా.”

“ఎలకలు కూడా తిని ఉంటాయి,” అన్నాను.

“నోరు ముయ్యండి ఇద్దరూ!” టిబేరియు బల్ల మీద ప్లయర్ పెట్టాడు, చప్పుడయ్యేలా. “ఇది క్యాబేజీ విచారణ కాదు. అమ్మాయ్, సూటిగా అడుగుతున్నా. నలభైకి నలభై ఇచ్చినా ఈ యంత్రానికి చాలలేదంటే, మిగతాది నువ్వు మింగావన్నమాటేగా?”

స్మరాండా చెయ్యి తెర మీట దాకా వెళ్లి ఆగిపోయింది.

“ఏమన్నారు?”

“మింగావంటున్నా.”

“అది కాదు. దాని ముందు మాట. నలభైకి నలభై అన్నారు. నలభై జీబీల డిస్కులో దాచుకోవడానికి నేను రాసిచ్చింది ముప్ఫై. పోయిన సమావేశంలో మీ ఎదురుగా అదే చెప్పాను. తెర ఇంకా వెలిగించలేదు నేను. లోపల నలభై ఉందని మీకెవరు చెప్పారు?”

టిబేరియు రెండో పీపా మీద బరువుకి పెట్టిన రాయి వైపు చూశాడు, అది ఏమైనా సాయం చేస్తుందేమోనని.

స్మరాండా తెర వెలిగించింది. నాలుగు మాటలు కొట్టింది. అక్షరాలు పైకి పాకాయి. ఒకచోట వేలు పెట్టి చూపించింది. నాకు అక్షరాలు పట్టుబడలేదు గానీ అంకెలు ఎక్కడున్నా అంకెలే. నలభై.

“అవును, పెట్టించాను!” గదిలో పీపాలు అదిరేలా అరిచాడు టిబేరియు. “పెట్టించకేం? నలభై కొని ముప్ఫై వాడతావా? మిగిలిన పది ఎవరి తాత కోసం? మా ఫ్యాక్టరీలో ఒక్క అర, ఒక్క మూల ఖాళీగా ఉంటే నన్ను నిలదీసేవాళ్లు. ప్రణాళిక నూటికి నూరు కాదు, నూట నాలుగు పూర్తిచేసిన విభాగం మాది!”

“అందుకే కాబోలు, ఇప్పుడు ఆ ఫ్యాక్టరీకి కిటికీలు కూడా మిగల్లేదు,” అంది స్మరాండా.

ఆ మాట గట్టిగానే తగిలింది. ఫ్యాక్టరీ గురించి ఆయన దగ్గర ఎవరూ అలా అనరు. మెడ కింద నుంచి చెవుల దాకా బీట్‌రూట్ రంగు ఎక్కడం నేను కళ్లారా చూశాను. స్మరాండా కూడా చూసింది. అయినా ఆగలేదు.

“ఖాళీగా ఉన్న పదీ యంత్రానికే, ఇంజనీరు గారూ. ఏది ఎక్కడ దాచిందో రాసుకోవాలి కదా. ఎవరేం అడిగారో రాసుకోవాలి. డిస్కంతా పేజీలతో కుక్కేస్తే ఆ రాత ఎక్కడ రాస్తుంది, మీ టై మీదా? రాసుకోవడానికి చోటు లేక ఆగిపోయింది. పోయినేడు మీ బాల్కనీలో పీపా అంచుదాకా నింపి మూత బిగించారు, గుర్తుందా? నాలుగు వేళ్ల ఖాళీ వదలండని లెనుత్స పిన్ని చెప్పినా వినలేదు. పులిసి, పొంగి, ఏమయింది?”

“ఏమయిందో నా టోపీనడగండి,” అన్నాను. ఆయన కింది బాల్కనీ నాదే. ఆదివారం చర్చికి పెట్టుకెళ్లే నా టోపీ ఆ ఉప్పునీళ్లలో నాని, ఎండేసరికి మా పిల్లి తలకి సరిపోయింది.

“నా పీపాల్లోకి మీ కంప్యూటర్లు లాగకండి,” అంది లెనుత్స. కానీ గొంతులో కోపం లేదు.

“అంటే తప్పు నాదంటావు,” అన్నాడు టిబేరియు మెల్లగా. ఆయన అరిచేటప్పుడు భయం లేదు, మెల్లగా మాట్లాడితేనే భయం.

“తప్పు మీది అనట్లేదు. ఈ యంత్రం సంకేతపదం మీకు తెలియదు. తెలిసింది ఇద్దరికే. ఒకరు నేను.”

రెండోవారెవరో ఆమె చెప్పలేదు. వెనక్కి తిరిగి చూడనూ లేదు. మేమే చూశాం. గుమ్మంలో ఔరెల్ తన బూట్లు అప్పుడే కొత్తగా కొన్నట్టు వాటినే చూసుకుంటున్నాడు.

“నేనే మార్చాను,” అన్నాడు.

“ఎప్పుడు?”

“నువ్వు మార్కెట్‌కి వెళ్లినప్పుడు.”

“ఎందుకు?”

వాడు టిబేరియు వైపు చూశాడు, ఆయన గోడ వైపు చూశాడు. “బీరు కొట్టు దగ్గర అందరి ముందు అడిగారు. పెళ్లాం డిస్కులో పది ఖాళీగా అట్టేపెట్టుకుంటే అడగలేని వాడివి, రేపు బ్లాకు కరెంటు పని ఇస్తే ఏం చేస్తావన్నారు. అందరూ నవ్వారు. అంకె ఒకటి మార్చడమే కదా అనుకున్నా.”

“నన్ను అడగొచ్చుగా?”

“అడిగితే వద్దంటావు.”

“వద్దనే అంటాను. అందుకే అడగలేదు నువ్వు.” స్మరాండా గొంతు పైకి లేవలేదు. “ఇది మూడు రోజులుగా ఉక్కిరిబిక్కిరవుతోంది. మూడు రోజులుగా నాకు నిద్ర లేదు. పక్కన పడుకుని చూస్తూనే ఉన్నావు. రాసిన అంకె మారుతుందని తోచక మిగతాదంతా వెతికి, తప్పు నాదేనేమోనని నేను తల బాదుకుంటుంటే, టీ పెట్టనా అని అడిగావు.”

 

ఆమె కుర్చీ బల్లకి దగ్గరగా లాక్కుంది. పాత రాతలు కొన్ని చెరిపేసి యంత్రానికి ఊపిరాడేంత చోటు చేసింది. నలభై కొట్టేసి ముప్ఫై రాసింది. ఒక మీట నొక్కింది. డిస్కు గరగరమని తిరగడం మొదలుపెట్టింది, పెనం మీద రాళ్లుప్పు పోసినట్టు.

“లేచిందా?” అంది లెనుత్స, పీపా మీద నుంచి లేవకుండా మెడ సాచి.

“లేస్తోంది పిన్నీ. తన దగ్గరున్నవన్నీ ముందు ఒక్కొక్కటీ తడిమి చూసుకుంటుంది. ఆ తర్వాత ఎక్కువకాలంగా ఎవరూ అడగనివాటిని బయటపడేసి, ముప్ఫైకి దిగుతుంది.”

“నా ఊరగాయల పేజీ పడేస్తుందేమోనే!”

“నువ్వు రోజూ చూస్తావుగా, అది పోదు. మొట్టమొదట పోయేది సంఘం తీర్మానాల పేజీ. పెట్టిన రోజున ఇంజనీరు గారు ఒక్కసారి చూసుకున్నారు. తర్వాత ఒక్క ప్రాణి కూడా అడగలేదు.”

నాకు నవ్వాగలేదు. లెనుత్సకి అసలే ఆగలేదు, పీపా మూత కిర్రుకిర్రుమంది. టిబేరియు మా ఇద్దరి నవ్వునీ చివరిదాకా విన్నాడు.

“ఎంతసేపు పడుతుంది?” అని అడిగాడు, మర్యాదగా.

“సమావేశం లోపు అయిపోతుంది. మధ్యలో కరెంటు పోకపోతే చాలు. పోతే మళ్లీ మొదటి నుంచి రావాలి, సాయంత్రం దాకా లేవదు.”

ఆ ఆఖరి ముక్క ఆమె అనకుండా ఉండాల్సింది. మూడు రోజులు నిద్రలేని మనిషి, నోరు జారింది. టిబేరియు కళ్లలో ఒక అర ఖాళీ అయి, వెంటనే నిండిపోవడం నాకు కనిపించింది.

“ఔరెల్,” అన్నాడు. “ఈ గదికి కరెంటు మీట ఎక్కడుంది?”

“బయట. మీటర్ల పెట్టెలో.”

“దించు.”

ఔరెల్ కదల్లేదు.

“డిసెంబరు నుంచి బ్లాకు కరెంటు పని నీకు కావాలా, నాలుగో అంతస్తు పెట్రికాకి ఇమ్మంటావా? ఇది సంఘం గది. నేను సంఘాధ్యక్షుణ్ణి. ఉప్పునీళ్ల పక్కన కరెంటు యంత్రం ప్రమాదం, ఆపమంటున్నా. దించు.”

“ఒరే అబ్బాయ్, వద్దురా,” అన్నాను. నిజంగానే అన్నాను. వాడు వినలేదు.

అప్పుడు స్మరాండా కుర్చీలో పూర్తిగా వెనక్కి తిరిగి మొగుడి మొహంలోకి చూసింది.

“దించు ఔరెల్. అంకె దొంగచాటుగా మార్చావు. ఇదైనా నేను చూస్తుండగా చెయ్యి.”

అలా అంటే ఆగుతాడనుకుందో, ఆగడని తెలిసే అందో ఇప్పటికీ చెప్పలేను. వాడు వెనక్కి ఒక అడుగు వేశాడు, ఇంకొకటి వేశాడు, గుమ్మం అవతలికి పోయాడు. ఇనప పెట్టె తలుపు తెరుచుకుంది. మీట ‘టక్’మంది.

తెర నల్లబడింది. డిస్కు గరగర తగ్గి, తగ్గి, ఆగిపోయింది. చిన్న కిటికీలోంచి పడే బూడిదరంగు వెలుగు తప్ప గదిలో ఏమీ మిగల్లేదు.

టిబేరియు ప్లయర్ చేతిలోకి తీసుకున్నాడు. టై సర్దుకున్నాడు. “సమావేశానికి వేళయింది,” అన్నాడు. “తాళంచెవి ఇప్పుడే ఇస్తావా, అందరి ముందు ఇస్తావా?”

స్మరాండా లేచింది. మెడలో దారం పైకి తీసింది. ఇచ్చేస్తోందనే అనుకున్నాం. టిబేరియు అరచెయ్యి కూడా చాపాడు. ఆమె ఆయన చెయ్యి పక్కనుంచి నడిచి వెళ్లి, తలుపు మూసి, లోపలి నుంచి తాళం వేసి, తాళంచెవిని స్వెట్టర్ లోపల వేసుకుంది.

“ఏం చేస్తున్నావు?”

“అధ్యక్షుడు రాకుండా సమావేశం మొదలుకాకూడదు. ఆ నియమం మీరే రాశారు. ఎవరూ చదవని ఆ పేజీ నేనొక్కదాన్నే చదివాను.”

“తలుపు తియ్! ఇది నిర్బంధం! పోలీసుల్ని పిలుస్తా!”

“పిలవండి. కిటికీ అదిగో. పదో అంతస్తు నుంచి గట్టిగా అరవాలి మరి.”

“నా పొయ్యి మీద చేపల చారు మరుగుతోందే తల్లీ!” అని లెనుత్స గగ్గోలు పెట్టింది. “వాణ్ణి బంధించుకుంటే బంధించుకో, నన్ను వదులు! అడుగంటితే ఇల్లంతా చేపల కంపే!”

స్మరాండా తలుపుకి నుదురు ఆనించింది. అరవలేదు. పక్కింటావిడతో మాట్లాడినంత గొంతుతో మాట్లాడింది.

“ఔరెల్. మీట నీ దగ్గరే ఉంది. ఇప్పుడు ఎత్తితే వీళ్లని సాయంత్రం దాకా కూర్చోబెట్టి అయినా యంత్రాన్ని లేపుతాను. ఎత్తకపోతే ఇంటికెళ్లి నీ బట్టలు సర్దుకో. తాళంచెవి ఆయనకిస్తానో ఇవ్వనో తర్వాత చూద్దాం. నా ఇంటి తాళంచెవి మాత్రం నువ్వు ఇచ్చెయ్యాలి.”

తలుపు అవతల అడుగుల చప్పుడు వినిపించింది. రెండడుగులు మీటర్ల పెట్టె వైపు. ఒక అడుగు మెట్ల వైపు. మళ్లీ ఆగింది.

ఇక్కడ నేనొక మాట ఒప్పుకోవాలి. ఈ భాగంలో నేను కల్పించినది ఆ అడుగుల చప్పుడు. అక్కడ ఏదో ఒకటి వినిపించకపోతే మీకు తోచదని పెట్టాను. లెనుత్స చారు గోలలో గుర్రం నడిచినా వినపడదు. ఆవిడ నోరు మూశాక మేమంతా, టిబేరియుతో సహా, తలుపుకి చెవులు ఆనించి నిలబడ్డాం. ఏ చప్పుడూ లేదు. ఉన్నదల్లా తలుపు కింద సందులో రెండు బూట్ల నీడ. అది మీట వైపూ జరగలేదు, మెట్ల వైపూ జరగలేదు. కింద నడవాలో గడియారం పదకొండు కొట్టింది.